పిల్లల సేవా కిట్: మా మూడో తరగతిలో ఆరు వారాలు వాడి చూశాక

పెట్టె వచ్చిన రోజు మా క్లాసులో ఎక్కాలు సగంలో ఆగిపోయాయి. టేబుల్ మీద పెట్టె పెట్టగానే ముప్పై నాలుగు మందీ చుట్టూ మూగారు. "టీచర్, మాకేనా? అన్నీ మాకేనా?" అని ఒకటే గోల. మీకే నాన్నా, కానీ ఇందులో ఉన్నవన్నీ వేరే వాళ్ళకి సాయం చేయడానికి అని చెప్పాను. వెనక నుంచి ఒక పాప వెంటనే అడిగింది, "ఎవరికి?" అని.

పెట్టె మొత్తం వెతికాను. ఆ ప్రశ్నకి జవాబు దొరకలేదు. హుండీ మీద "అవసరంలో ఉన్న పిల్లల కోసం" అని మాత్రం ఉంది. ఆ పాపకి అది చాలలేదు. నాకూ చాలలేదు.

ప్రైమరీ పిల్లలకి సేవ అలవాటు చేయడానికి ఒక స్వచ్ఛంద సంస్థ బడులకి ఉచితంగా పంపే కిట్ ఇది. లోపల ఉన్నవి ఇవీ: మడిచి తయారు చేసుకునే అట్ట హుండీ, రెండు పోస్టర్లు, నక్షత్రాల స్టిక్కర్లు, ఏ వరుస ఎంత తెచ్చిందో రాసే గోడ చార్టు, పన్నెండు కథ కార్డులు, తలా ఒక సర్టిఫికెట్, టీచర్ల కోసం నలభై పేజీల గైడు. సంస్థ పేరు రాయడం లేదు. నాకు బాగా నచ్చినవీ, మనసు నొప్పించినవీ రెండూ చెప్పబోతున్నాను. పైగా ఇలాంటి కిట్లు ఎవరు పంపినా దాదాపు ఇలాగే ఉంటాయి. మీ బడికి ఏది వచ్చినా ఇది పనికొస్తుంది.

మొదటి వారం గైడులో చెప్పినట్టే చేశాను. హుండీ మడిచి కిటికీ పక్కన పెట్టాం. చార్టు గోడకి అంటించాం. పొద్దున హాజరు అయ్యాక వరుసగా వచ్చి హుండీలో వేయాలి, వేసిన వాళ్ళ వరుసకి ఒక నక్షత్రం. రెండు రోజులు పండగలా ఉంది. మూడో రోజుకే "మీ వరుసకి రెండే, మాకు తొమ్మిది" అనే మాటలు మొదలయ్యాయి. ఒక తల్లి గేటు దగ్గర ఆపి, "ఇంకెంత ఇస్తే మావాడి వరుస ముందుకొస్తుంది మేడం?" అని అడిగింది. ఆవిడ తప్పేం లేదు. పిల్లాడు ఇంట్లో అలా అడిగి ఉంటాడు.

నాలుగో రోజు జరిగింది మాత్రం ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నాను. రెండో వరుసలో ఒక అబ్బాయి ఉన్నాడు, ఎక్కువ మాట్లాడడు. తన వంతు రాగానే పిడికిలి బిగించుకుని వచ్చాడు. హుండీ బెజ్జం మీద పిడికిలి ఆనించి, వేలి గోరుతో అట్ట మీద టక్కున కొట్టాడు. నాణెం పడినట్టే చప్పుడైంది. పిడికిలి విప్పకుండానే వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. ఆ చేతిలో ఏమీ లేదని నాకు తెలుసు. నేను చూశానని వాడికి తెలియకూడదని బోర్డు వైపు తిరిగి తేదీ రాస్తూ నిలబడ్డాను. వాడి వరుసకి నక్షత్రం అంటించాను. ఆ సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక చార్టు తీసేశాను.

చార్టు ఎందుకు తప్పో చెప్పడానికి ఆ పిడికిలి చాలు. అయినా ఎప్పుడో ట్రైనింగులో విన్న ఒక ప్రయోగం కూడా గుర్తొచ్చింది. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు సైకాలజిస్టులు అమెరికాలో ఒక నర్సరీ బడిలో చేశారు. బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న పిల్లల్ని తీసుకుని, కొందరికి "వేస్తే బంగారు నక్షత్రం, రిబ్బను ఉన్న సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు. కొందరికి ముందు చెప్పకుండా చివర్లో ఇచ్చారు. కొందరికి ఏమీ లేదు. ఒకటి రెండు వారాలయ్యాక, ఎవరూ అడగని సమయంలో ఎవరు ఎంతసేపు బొమ్మలు వేస్తున్నారో చూశారు. ముందే బహుమతి ఆశ చూపిన పిల్లలు మిగతా వాళ్ళతో పోలిస్తే దాదాపు సగం సేపే వేశారు. 2008లో వార్నెకెన్, టొమాసెల్లో ఇరవై నెలల పసివాళ్ళతో చేసిన ప్రయోగంలోనూ ఇదే కనిపించింది. చేయి చాచి అందుకోలేకపోతున్న పెద్దవాళ్ళకి వస్తువు అందించినందుకు బొమ్మ బహుమతిగా ఇస్తూ పోతే, ఆ తర్వాత వాళ్ళు సాయం చేయడం తగ్గింది. మన కిట్‌లో ఉన్నది అదే బంగారు నక్షత్రం, అదే సర్టిఫికెట్. తయారు చేసిన వాళ్ళకి ఈ సంగతి చెప్పాలనే మొదట ఈ రివ్యూ మొదలుపెట్టాను.

చార్టు పోయాక హుండీని ఏం చేయాలో తోచలేదు. పారేయడానికి మనసొప్పలేదు, ఎందుకంటే దాన్ని మడిచింది పిల్లలే. అప్పుడు గైడు తిరగేస్తుంటే పద్నాలుగో పేజీ దగ్గర ఆగాను. ఈ కిట్‌లో అసలు విలువైనది అక్కడ మొదలవుతుంది. ముందు పేజీలన్నీ డబ్బు ఎలా పోగుచేయాలో చెప్తాయి, అందరూ అక్కడే ఆగిపోతారనుకుంటాను. పద్నాలుగు నుంచి ఇరవై ఆరు దాకా మాత్రం పిల్లల్ని ఎలా ఆలోచింపజేయాలో, ఎలా ఎంచుకోనివ్వాలో ఉంది. రాసినవాళ్ళు ఎవరో గానీ క్లాసులో పనిచేసిన మనిషే. "మీరు చుట్టూ చూసిన వాటిలో మీకు బాగోలేదనిపించింది ఏంటి?" అని అడిగి, పిల్లలు చెప్పేదాకా టీచర్ నోరు మెదపకూడదని రాశారు. ఎంతసేపు ఆగాలో కూడా రాశారు, మనసులో ఇరవై లెక్కపెట్టమని. నేను లెక్కపెట్టాను. పద్నాలుగు దగ్గర మొదటి చేయి లేచింది.

డబ్బు వేసే హుండీ అప్పటినుంచి చీటీల పెట్టె అయింది. బాగోలేదనిపించినవి రాసి అందులో వేయమన్నాను, పేరు రాయక్కర్లేదన్నాను. వారంలో నలభై ఒక్క చీటీలు వచ్చాయి. కొన్ని ఇక్కడ రాస్తున్నాను: "కుంటి కుక్క రోడ్డు దాటలేదు". "పంపు ఎప్పుడూ కారుతుంది". "మామ్మ ఒక్కతే ఉంటుంది, టీవీతో మాట్లాడుతుంది". "రెండో క్లాసు వాళ్ళ బెంచీకి మేకు ఉంది". "మా పక్కింటి అన్నకి కళ్ళు కనిపించవు, ఆడుకోడానికి ఎవరూ పిలవరు". ఇలాంటి మాటలు నేను అడిగితే ఒక్కరూ చెప్పేవాళ్ళు కాదు.

బెంచీ మేకు సంగతి ఆ రోజే చూసుకున్నాం. మిగతా వాటిలో మూడు ఎంచి చేతులెత్తించాం. పక్కింటి అన్న చీటీకి ఎక్కువ చేతులు లేచాయి. ఆ అన్న చదివేది చూపు లేని పిల్లల బడిలో. ఆ బడి పిల్లలకి ఏదైనా చేద్దామని తేల్చుకున్నారు.

ఏం చేద్దామంటే, ముప్పై నాలుగు మందిలో ముప్పై మంది "బొమ్మలు వేసి, రంగులేసి పంపిద్దాం" అన్నారు. నేను కాదనలేదు. కానీ గైడులో పద్దెనిమిదో పేజీ ఇలా చెప్తుంది: మీకు తోచింది చేసే ముందు, అది అందుకునే వాళ్ళని అడగండి. ఈ ఒక్క పేజీ కోసమైనా కిట్ తెప్పించుకోవచ్చు. సేవా కార్యక్రమాల్లో పెద్దవాళ్ళే చాలాసార్లు ఈ మెట్టు దాటేస్తారు.

ఆ బడి టీచరమ్మతో స్పీకర్‌లో ఫోన్ పెట్టించాం. ఐదుగురు ప్రశ్నలు రాసుకుని వచ్చారు. మొదటి పాప, "మా రంగుల బొమ్మలు మీకు కావాలా మేడం?" అని అడిగింది. ఆవిడ ఏమాత్రం చిన్నబుచ్చకుండా, "మీరు వేశారంటే మాకు సంతోషమే అమ్మా, కానీ మా పిల్లలు వేళ్ళతో చూస్తారు, వేలికి తగిలేలా చేయగలరా?" అంది. క్లాసంతా నిశ్శబ్దం. ఒక్కొక్కరూ తమ వేళ్ళవైపు చూసుకున్నారు. ఆవిడ ఇంకో నాలుగు మాటలు చెప్పింది. కార్డుకి ఒకే వస్తువు ఉండాలి. గీతలు తక్కువ ఉండాలి. పక్కపక్కన ఉన్నవి ఒకటి నున్నగా, ఒకటి గరుకుగా, తేడా బాగా తెలియాలి. వీలైతే బొమ్మకన్నా అసలు వస్తువే అంటించండి, ఎందుకంటే పుట్టుకతో చూపు లేని పాపకి ఇంటి గీత బొమ్మ తడిమితే ఇల్లని తెలియదు, గుండీ తడిమితే గుండీ అని తెలుస్తుంది.

ఫోన్ పెట్టేసే ముందు, పిడికిలి అబ్బాయి తన కాగితం చూసి అడిగాడు: "మీ దగ్గర ఎంతమంది ఉన్నారండీ? అందరికీ సరిపోవాలి కదా." ఆ లెక్క నాకు తట్టలేదు. పంతొమ్మిది మంది అంది ఆవిడ.

తర్వాతి మూడు వారాలూ వారానికి రెండు పీరియడ్లు మా క్లాసు కుట్టుపని దుకాణంలా ఉంది. గుండీలు, దూది, దారం, ఈక, దువ్వెన ముక్క, ఎండుటాకు, వడ్రంగి పనిలో వాడే ఉప్పు కాగితం, పాత స్వెట్టర్ ముక్క. జిగురు ఆరేదాకా కిటికీ గట్టు మీద వరుసగా పెట్టేవాళ్ళం. అయ్యాక పరీక్ష: ఒకరు చేతిరుమాలుతో కళ్ళు కట్టుకుని కూర్చోవాలి, చేసినవాళ్ళు కార్డు చేతిలో పెట్టాలి, ఏమీ చెప్పకూడదు. మొదటిసారి ఒక్క కార్డూ గెలవలేదు. ఒక పాప చెట్టు చేసింది, దారంతో కొమ్మలు, దూదితో మబ్బు, పక్కన పక్షి. కళ్ళు కట్టుకున్నవాడు చాలాసేపు తడిమి, "ఇది... జుట్టా?" అన్నాడు. పాప కళ్ళనిండా నీళ్ళు. ఐదు నిమిషాలాగి, మబ్బు పీకేసింది. పక్షిని పీకేసింది. కొమ్మలు కూడా పీకేసి, నిజం బెరడు ముక్క ఒకటి, పక్కన నిజం ఆకు ఒకటి అంటించింది. మళ్ళీ వాడి చేతిలో పెట్టింది. వేళ్ళు బెరడు మీద ఒకసారి, ఆకు మీద ఒకసారి. "చెట్టు!" అని అరిచాడు. రుమాలు తీయకుండానే అరిచాడు.

ఇది చూశాక సానుభూతి గురించి పాఠం చెప్పాల్సిన పని నాకు పడలేదు. నేనూ ఒక కార్డు చేశాను, తాళంచెవితో. 1975లో రష్టన్ అనే సైకాలజిస్టు ఏడు నుంచి పదకొండేళ్ళ పిల్లలతో చేసిన ప్రయోగంలో, పెద్దవాళ్ళు ఎదురుగా ఇచ్చి చూపిస్తే పిల్లలు ఇచ్చారు, స్వార్థంగా ప్రవర్తిస్తూ ఇవ్వమని నోటితో చెప్తే చేసిందే అనుసరించారు. అందుకే కింద కూర్చుని వాళ్ళతోపాటే జిగురు పూశాను. నా కార్డు కూడా మొదటిసారి తప్పింది.

మధ్యలో ఒకరోజు లూయీ బ్రెయిలీ గురించి చెప్పాను, కిట్‌లో ఆయన కార్డు లేదు, ఉండాల్సింది. నాన్న తోలుపని చేసే చోట ఆడుకుంటూ, మూడేళ్ళ వయసులో పదునైన పనిముట్టు కంటికి గుచ్చుకుంది. తర్వాత రెండో కన్ను కూడా పోయింది. 1824 నాటికి, పదిహేనేళ్ళ వయసులో, ఆరు చుక్కల లిపి తయారు చేసేశాడు. "పదిహేనా? మా అక్క అంత!" అని ఒకడు నోరు తెరిచాడు. ఆరు గుంటలున్న ట్రే ఒకటి తెచ్చి, గోళీలు పెట్టి అక్షరాలు చూపించాను. గంట కొట్టినా కదల్లేదు.

ఇక కథ కార్డుల సంగతి. పన్నెండులో ఏడింటి మీద ఏడుస్తున్న పిల్లల ఫొటోలు, ఎముకలు తేలిన ఒళ్ళు, తలకి కట్లు. పెద్దవాళ్ళ జేబు కదిలించడానికి అవి పనికొస్తాయేమో, ఎనిమిదేళ్ళ వాళ్ళకి కాదు. రెండు కార్డులు చూపించానో లేదో, మర్నాడు ఒక తల్లి ఫోన్ చేసింది: "రాత్రంతా పడుకోలేదండీ, నేను కూడా అలా అయిపోతానా అని అడుగుతోంది." ఆ తల్లికి క్షమాపణ చెప్పాను. మిగతావి బీరువాలో పెట్టేశాను. పిల్లలకి బాధ తెలియకూడదని కాదు, మేకు, కుంటి కుక్క, ఒంటరి మామ్మ వాళ్ళు రాసినవే. తన చేతికి అందని బాధని ముందు పెట్టి వదిలేస్తే మాత్రం చిన్నవాళ్ళు భయపడతారు, లేదంటే కళ్ళు తిప్పుకుంటారు.

మిగిలిన ఐదింట్లో ఒకటి బంగారం. కెనడా అబ్బాయి ర్యాన్ రెల్యాక్ కథ. 1998లో ఒకటో తరగతి చదువుతూ, మంచినీళ్ళ బావి లేని ఊళ్ళు ఉంటాయని టీచర్ చెప్తే విన్నాడు. డెబ్బై డాలర్లు చాలనుకుని ఇంట్లో పనులు చేసి కూడబెట్టాడు. తీరా ఇవ్వబోతే బావికి రెండు వేలు కావాలన్నారు. అయినా ఆపలేదు, పెద్దవాళ్ళు చేయి కలిపారు. 1999లో ఉగాండాలోని అంగోలో ప్రైమరీ స్కూలు దగ్గర బావి పడింది. ఆ కార్డు మీద నవ్వుతున్న పిల్లలు, నీళ్ళు. మా వాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న, "నీళ్ళు వచ్చాయా టీచర్?" రెండోది, "అది కూడా బడేనా?" ఇలాంటి కార్డులు పన్నెండూ ఉంటే ఎంత బాగుండేది.

గైడు చివర్లో రోజర్ హార్ట్ నిచ్చెన బొమ్మ వేశారు, పిల్లలు ఒక పనిలో నిజంగా ఎంతవరకు పాలుపంచుకుంటున్నారో మెట్లు మెట్లుగా చూపించేది. 1992లో యునిసెఫ్ ప్రచురించిన వ్యాసంలోది, ఎనిమిది మెట్లు. పిల్లల్ని వాడుకోవడం, అలంకారంగా నిలబెట్టడం, పేరుకి కూర్చోబెట్టడం, ఈ మూడూ కింది మెట్లు, అసలు పాల్గొనడమే కాదంటాడాయన. చదివి చాలాసేపు కూర్చున్నాను. ఎండలో ప్లకార్డులిచ్చి పిల్లల్ని ర్యాలీకి నడిపించిన రోజులు నాకూ ఉన్నాయి. ఆ ప్లకార్డు మీద ఏముందో వాళ్ళకి తెలియదు. ఈ బొమ్మ చివరి పేజీలో చిన్న అక్షరాల్లో వేశారు, మొదటి పేజీలో ఉండాలి.

ఒక ఫిర్యాదు గట్టిగానే చెప్తున్నాను. ఆరు వారాల్లో సంస్థ నుంచి మూడుసార్లు ఫోన్ వచ్చింది, మూడుసార్లూ "హుండీ ఎంతయింది మేడం?" అనే. పిల్లలు ఏం చేశారని ఒక్కసారీ అడగలేదు. సాయం అందుకునే పిల్లలతో మావాళ్ళు కలిసి ఉన్న ఫొటోలు పంపమన్నారు. పంపనని చెప్పాను. ఆ పంతొమ్మిది మందీ మన మంచితనానికి సాక్ష్యాలుగా నిలబడాల్సిన అవసరం లేదు. మొదటి నాలుగు రోజులు హుండీలో పడిన డబ్బు లెక్కపెట్టి పంపించేశాం. లెక్కపెట్టింది పిల్లలే, రసీదు అడగమన్నదీ వాళ్ళే. రసీదు ఇంకా రాలేదు, రోజూ అడుగుతున్నారు.

సర్టిఫికెట్లు ఇవ్వలేదు. వెనక వైపు తెల్లగా, మందంగా ఉంది, ఆ కాగితం మీదే కార్డులు అంటించాం. దానికి చాలా బాగా పనికొచ్చింది.

వాడాలనుకునే టీచర్లకి: మూడు, నాలుగు, ఐదు తరగతులకి సరిపోతుంది. ఒకటి, రెండు వాళ్ళకి చీటీలు రాయడం కష్టం, బొమ్మ వేయించండి, నోటితో చెప్తే మీరు రాయండి. గైడులో నాలుగు వారాలన్నారు, ఆరు పెట్టుకోండి, ఫోన్ మాట్లాడటానికి, తప్పు చేసి సరిదిద్దుకోవడానికి టైమ్ కావాలి. హెడ్మాస్టరు గారికి ముందే చెప్పండి, చార్టు ఏదని అడిగితే టెన్షన్ పడకుండా ఉంటుంది. జిగురు ఎక్కువ తెప్పించుకోండి. అయిదుకి గైడుకి నాలుగున్నర ఇస్తాను, మిగతా పెట్టెకి ఒకటి.

కార్డులు ఇరవై మూడు అయ్యాయి. పంతొమ్మిది, ఇంకో నాలుగు "ఎవరివైనా చిరిగితే" అని. పంపిన పది రోజులకి ఆ బడి నుంచి కవరు వచ్చింది. లోపల మందపాటి కాగితం, నిండా చుక్కలు. ఒక్క అచ్చు అక్షరం లేదు. దాంతోపాటు టీచరమ్మ విడిగా ఇంకో కాగితం మీద నాకు తెలుగులో రాసి పంపింది, ఏముందో చదివి వినిపించమని. నేను ఆ కాగితం విప్పబోతుంటే ముందు వరుస నుంచి చేయి అడ్డం వచ్చింది. "వద్దు టీచర్, చెప్పకండి. గోళీల ట్రే తెచ్చుకుంటాం."

రోజుకి రెండు లైన్లు చొప్పున నడుస్తోంది. నిన్నటికి "మీ చెట్టు కార్డు" దాకా వచ్చారు.